దారి బత్తెం

ఒకప్పుడు మా కోనసీమలో వయసు మళ్లిన మనిషి ఉన్న ప్రతి ఇంట్లోనూ దేవుడి గూట్లో ఒక కాశీ చెంబు ఉండేది. చెంబంటే పెద్దదేం కాదు, గుప్పెట్లో ఇమిడే రాగి పాత్ర. సన్నటి మెడ, మూతి మీద రాగి బిళ్ల పెట్టి సీసంతో అతికేసి ఉండేది. చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల గంగ కదిలేది. పిల్లలం అదే పనిగా ఊపుతుంటే మామ్మ లాక్కుని మళ్లీ గూట్లో పెట్టేసేది. "ఆడుకునేది కాదురా అది, ప్రయాణానికి దాచుకున్నది" అనేది. ఎవరి ప్రయాణం అని అడిగితే "నాదే" అనేది, రేపు కూరేం వండాలో చెప్పే గొంతుతో.

చెంబు లేని ఇంట్లో ఎవరికైనా ఊపిరి అందకపోతే ఆ ఇంటి పిల్లాడు అర్ధరాత్రయినా పరుగెత్తుకొచ్చేవాడు. తలుపు కొట్టిన తీరును బట్టే ఎందుకొచ్చాడో తెలిసిపోయేది. ఇచ్చిన చెంబును తిరిగి అడగకూడదు. ఊళ్లోంచి మళ్లీ ఎవరో కాశీ వెళ్లినప్పుడు ఇంకోటి తెచ్చి ఆ గూట్లో పెడతారు. మనిషిని మంచం మీంచి దించి, అలికిన నేల మీద చాప పరిచి పడుకోబెట్టాక, ఎవరో ఒకరు మేకు తెచ్చి సీసం పొడిచేవాళ్లు. తులసాకు మీంచి రెండు చుక్కలు నోట్లో పడేవి. అందులో సగం గంగ, సగం రాగి చిలుము అని మా బాబాయి వేళాకోళం చేసేవాడు. చిలుము మాట నిజమే. 2016 నుంచి పోస్టాఫీసుల్లోనే గంగాజలం సీసాలు అమ్ముతున్నారు. మూత తిప్పితే చాలు, చిలుమూ ఉండదు, మేకు కోసం ఇల్లంతా వెతుక్కునే గొడవా ఉండదు. కాకపోతే ఆ మేకు వెతకడంలో ఇంటిల్లిపాదీ ఒక పనిలో పడేవాళ్లు. పోయే మనిషికి ఏదో సర్దిపెడుతున్నామన్న తొందర ఉండేది. రైలుకు టైమైపోతున్నప్పుడు ఉంటుందే, అదే తొందర.

కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే అన్న సామెత రైళ్లు రాకముందుది. 1830 మే నెలలో చెన్నపట్నం నుంచి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య మళ్లీ ఇల్లు చేరేసరికి 1831 సెప్టెంబరు వచ్చింది. సుప్రీంకోర్టులో దుబాసీ ఉద్యోగం, వెంట పల్లకీలూ పరివారమూ ఉన్న మనిషికే పదిహేను నెలలు పట్టింది. ఇక మామూలు రైతు మాటేమిటి? అప్పులు తీర్చి, పొలం ఎవరికెంతో చెప్పి, మాటల్లేనివాళ్ల గుమ్మం కూడా తొక్కి "తప్పులుంటే కాయండి" అని చెప్పి మరీ బయల్దేరేవాడు. రైళ్లొచ్చాక దారి భయం పోయింది గానీ పద్ధతి చాలాకాలం నిలిచింది. నా చిన్నప్పుడు కూడా కాశీ వెళ్లేవాళ్లను ఊరి పొలిమేర దాకా సాగనంపేవాళ్లు. తిరిగొచ్చినవాళ్లు గంగపూజ చేసి ఊరందరికీ సమారాధన పెట్టేవాళ్లు. తమ దినం భోజనం తామే దగ్గరుండి వడ్డించుకునే అవకాశం ఆ ఒక్కసారే కదా!

కాశీలో ఒక కాయా ఒక పండూ వదిలెయ్యాలి. తెలివైనవాళ్లు కాకరకాయనీ, మా వైపు దొరకని ఆపిల్ పండునీ వదిలేవాళ్లు. మా తాతమ్మ, అంటే నాన్నకి నాయనమ్మ, పనస వదిలేసింది. కోనసీమలో పుట్టి పనస వదలడమంటే మాటలు కాదు. పనసపొట్టు కూర లేకుండా మాకు పెళ్లి భోజనం లేదు. పెళ్లి పంక్తిలో ఆవిడ విస్తరి మీద చెయ్యి అడ్డంపెట్టి, పక్కవాళ్ల విస్తరి కేసి చూసేది. "ఒకటి వదలడం అలవాటైతే మిగతావి వదలడం సులువు" అంటూనే ఒక గుటక వేసేది.

ఆవిడ కాశీకి వెళ్లింది చూసి రావడానికి కాదు, గర్భవాసం చెయ్యడానికి. తొమ్మిది నెలల తొమ్మిది రోజులు ఊరు దాటకుండా కాశీలోనే ఉండే దీక్ష అది. తల్లి కడుపులో ఎన్నాళ్లుంటామో అన్నాళ్లు కాశీ కడుపులో ఉంటే, మళ్లీ ఇంకో కడుపున పడే పని ఉండదని నమ్మకం. ఈలోపు ప్రాణం పోతే ఇంకా మంచిది. విశ్వేశ్వరుడే వచ్చి కుడిచెవిలో తారకమంత్రం ఊదుతాడు. ఇప్పుడూ కాశీలో తెలుగువాళ్లు కేదార్ ఘాట్, మానసరోవర్ ఘాట్ చుట్టుపక్కలే ఎక్కువ. ఆంధ్రాశ్రమం ఉన్నదీ అక్కడే. చావు కోసం వచ్చేవాళ్లకు గదులిచ్చే ముక్తిభవన్ 1958లో మొదలైంది. అక్కడ గది ఇచ్చేది రెండు వారాలకే, ఆలోపు ప్రాణం పోకపోతే మామూలుగా ఖాళీ చెయ్యాలి. తాతమ్మ మాత్రం కేదార్ ఘాట్ దగ్గర ఒక తెలుగువాళ్ల ఇంట్లో మెట్ల కింద గది అద్దెకు తీసుకుంది. శివుడు ఏ రాత్రి వస్తాడో తెలియదు కాబట్టి కుడిచెవి పైకి ఉండేలా ఎడమపక్కకే తిరిగి పడుకునేదట.

కేదార్ ఘాట్ మెట్లు చూసినవాళ్లకి తెలుస్తుంది, అవి ఎంత నిలువుగా ఉంటాయో. తెల్లవారుజామున దిగడం, మునగడం, తడిబట్టతో ఎక్కడం, ఒంటిపూట తినడం. తొమ్మిది నెలలు గడిచేసరికి ఆవిడ మోకాళ్ల నొప్పులు పోయాయి, ఆయాసం పోయింది, మొహంలో నిగారింపు వచ్చింది. ప్రాణం మాత్రం పోలేదు. దీక్ష ముగిశాక తాత వెళ్లి తీసుకొచ్చాడు. రైలు దిగుతూనే "నన్ను ఒప్పుకోలేదురా" అని ఏడ్చిందట, పరీక్ష తప్పిన పిల్లలా. మామ్మ ఈ కథ చెప్పినప్పుడల్లా నవ్వు ఆపుకోలేకపోయేది. ఆ తర్వాత తాతమ్మ ఇంకో పుష్కరం పైనే బతికింది, పెరటి చావడిలో, మూట సర్దుకుని.

మూట అని ఊరికే అనడం లేదు. ఆవిడ మంచం కింద ఒక చిన్న రేకు ట్రంకు ఉండేది. అందులో ఉతికి మడత పెట్టిన తెల్ల నూలు చీర, గంధపు చెక్క ముక్క, కర్పూరం డబ్బీ, కాశీ చెంబు, ఒక గుడ్డమూట. ఆ గుడ్డకి నాలుగు ముడులు. ఒక ముడిలో కట్టెలకు డబ్బు, ఒకదాంట్లో డప్పులవాళ్లకి, ఒకదాంట్లో తత్వాలు పాడేవాళ్లకి, నాలుగోదాంట్లో దారిపొడుగునా చల్లడానికి చిల్లర. తన చావు ఖర్చు ఇంకొకరి నెత్తిన పడకూడదని ఆ తరం వాళ్ల పంతం. 1957లో అణాలు పోయి నయాపైసలొచ్చినప్పుడు ఊళ్లో అందరికంటే ముందు కంగారు పడింది తాతమ్మేనట. తాతని అమలాపురం పంపి చావు డబ్బంతా కొత్త నాణేల్లోకి మార్పించుకునేదాకా నిద్రపోలేదు. పెరట్లో ఒక మామిడి చెట్టు కూడా ఆవిడదే. "ఇది నాకు" అని చూపించేది. కొట్టి కట్టెలు పేర్చాల్సిన చెట్టు. ఆవిడ పోకపోవడం వల్ల అదీ కాస్తూనే ఉండేది. ఏటా దాని కాయలతోనే ఆవకాయ పెట్టేవాళ్లు. మేం వేలు నాక్కుంటూ తినేవాళ్లం, ఎవరి కట్టెలు తింటున్నామో తెలిసే.

1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. ఒక్క రాత్రిలో వేలమంది పోయారు. పత్రికలు వచ్చాయి, రేడియో చెప్పింది, అటునుంచి వచ్చినవాళ్లు చెప్పారు. శవాలను గుట్టలుగా వేసి తగలబెట్టారనీ, పేరు పెట్టి పిలిచేవాళ్లు కూడా మిగల్లేదనీ. తాతమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు ట్రంకు తీసి, చిల్లర ముడి విప్పి, నాన్న చేతిలో పోసింది. "కోటిపల్లి రేవుకెళ్లి వాళ్లందరికీ కలిపి ఒక పిండం పెట్టించు. పేర్లు లేకపోతే లేకపోయె, దారి తెలియాలి కదా" అంది. నాన్న హేతువాది కాదు గానీ ఆస్తికుడూ కాదు. అయినా మర్నాడు పొద్దున్నే వెళ్లాడు. ఖాళీ అయిన ముడిని ఆవిడ మళ్లీ నింపుకోలేదు. తర్వాతి వేసవి రాకుండానే పోయింది.

మా మేనత్తలకి టెలిగ్రాం వెళ్లింది. టెలిగ్రాం అంటేనే చావు అని మా ఊరి పోస్ట్‌మాన్‌కి కూడా తెలుసు. సైకిల్ బెల్లు కొట్టకుండా వచ్చేవాడు. దూరం చుట్టాలకి కార్డులు. పెళ్లి కార్డుకి నాలుగు మూలలా పసుపు ఉంటుంది. చావు కార్డును వీధిలోనే నిలబడి చదివి, అక్కడే చించేసి, స్నానం చేసి లోపలికి రావాలి. చుట్టం ఇంకా గడప దాటి వెళుతూనే ఉందని, అడ్డం పెట్టకూడదని అలా చేస్తారని మామ్మ చెప్పింది. 2013 జూలైలో దేశమంతటా టెలిగ్రాం ఎత్తేశారు. ఇప్పుడు వాట్సాప్‌లో ఫొటో చుట్టూ పూలదండ వేసి పంపుతారు. దాని కిందే ఎవరో పొరపాటున బొటనవేలు ఎత్తి చూపిస్తారు.

ఫ్రీజరు పెట్టె లేని రోజులు. ఆడపిల్లలు రావాలి కాబట్టి రాత్రంతా ఉంచాలి. చేపల రేవు నుంచి ఊకలో చుట్టిన ఐసు దిమ్మలు తెచ్చారు. రాత్రంతా ఉంచాలంటే రాత్రంతా ఎవరో ఒకరు మెలకువగా ఉండాలి. అందుకే తత్వాలవాళ్లు. ఏకతార, తాళాలు, చిరుతలు. పగలు వాళ్లలో ఒకాయన బట్టలు కుట్టేవాడు, ఇంకొకాయన కొబ్బరి దింపేవాడు. రాత్రి మాత్రం గురువులు. ఒళ్లు అద్దె కొంప అనీ, ఖాళీ చేసినవాడి కోసం గోడలు పట్టుకుని ఏడవద్దనీ పాడుతుంటే, ఏడుస్తున్నవాళ్లే తాళం అందుకునేవాళ్లు. అర్ధరాత్రి దాటాక ఎవరో హరిశ్చంద్ర కాటి పద్యాలు అడిగేవాళ్లు. బలిజేపల్లి లక్ష్మీకాంతం నాటకం మా వైపు ఆడని ఊరు లేదు. అందులో కాటి సీనుకి నటులు గుర్రం జాషువా శ్మశానవాటి పద్యాలు చేర్చి పాడేవాళ్లు. నిజానికి మా ఊరివాళ్లకి చావు గురించి తెలిసిన వేదాంతమంతా ఆ సీను దగ్గర వన్స్‌మోర్‌లు కొట్టి నేర్చుకున్నదే. రాజు కాశీలో కాటికాపరి. పీనుగు సొంత కొడుకుది. అయినా సుంకం కట్టనిదే కుదరదంటాడు. చుట్టతాగే ముసలాళ్లు కూడా ఆ చోట కండువా నోట్లో కుక్కుకునేవాళ్లు.

ఇక్కడో మాట చెప్పాలి. అంటరానితనాన్ని ఒంటి మీద అనుభవించిన కవి రాసిన పద్యాలు అందరి చావిళ్లలోనూ మోగాయి. కానీ డప్పు కొట్టి అందర్నీ సాగనంపిన మాదిగపేటవాళ్ల కాడు వేరు, కాలువ అవతల. అక్కడికి దారి లేదు. వర్షాకాలంలో పాడె మోసుకుని మోకాళ్ల లోతు వరిచేలో దిగి వెళ్లేవాళ్లు. అందరికీ ఒకటే ప్రయాణమని రాత్రంతా పాడిన ఊరే, తెల్లారాక గట్టు మీద నిలబడి చేను తొక్కుతున్నారని కేకలేసేది. నేను కొన్నిటి కోసం బెంగపడుతున్నాను గానీ అన్నిటి కోసం కాదు. పదోనాడు మొగుడు పోయినావిడ చేతి గాజులు పగలగొట్టే తంతు మా ఊళ్లో పోయింది, పోనీ. తాతమ్మకి అది ముప్పై ఏళ్లు నిండకుండానే జరిగింది. అందుకే కాబోలు, ఆవిడకి బ్రహ్మంగారి కథలో నచ్చే ఘట్టం ఒకటే. వైశాఖ శుద్ధ దశమి నాడు జీవసమాధిలోకి దిగబోతూ వీరబ్రహ్మం గారు భార్య గోవిందమ్మతో, నేను పోవడం లేదు, నువ్వు పసుపుకుంకుమలు తియ్యనక్కర్లేదు అని చెప్పాడంటారు. "అంత మాట చెప్పి వెళ్లే మొగుడు ఎంతమందికి దొరుకుతాడు?" అనేది తాతమ్మ. పూలు తెమ్మని బనగానపల్లె పంపేస్తే, తిరిగొచ్చి గురువు కనపడక గుండెలు బాదుకున్న సిద్ధయ్య మీద మాత్రం ఆవిడకి జాలి లేదు. "మగాడు కదా, తెలుసుకుంటాడులే" అనేది.

తెల్లవారాక పాడె. పచ్చి వెదుళ్లు రెండు, అడ్డంగా బద్దలు, పైన పచ్చి కొబ్బరాకు అల్లిక, గడ్డితాడు. ఆ ముడులు మామూలు ముడులు కావు, ఎడమచేతివాటం. అవి వెయ్యడం వచ్చిన మనిషి ఊరికి ఇద్దరో ముగ్గురో ఉండేవాళ్లు. చిన్నపిల్లలకి నేర్పేవాళ్లు కాదు, పక్కన కూచుని చూస్తే మాత్రం వద్దనేవాళ్లు కాదు. ఇప్పుడు మా ఊళ్లో ఇనప పాడె ఉంది. దాని పక్క గొట్టం మీద దాత పేరు, వాళ్లావిడ పేరు, రైసు మిల్లు పేరు పెయింటుతో రాయించారు. తడిస్తే తుడిచి మళ్లీ షెడ్డులో పెడతారు. నాకు ఆ పేర్లతో పేచీ లేదు. తాతమ్మను మోసిన పాడె మాత్రం ఆవిడతోనే పోయింది.

పండు ముసలి చావు కాబట్టి ఏడుపు తక్కువ, సందడి ఎక్కువ. దాసరి శంఖం ఊదుతూ జేగంట కొడుతూ ముందు నడిచాడు. పేలాలు చల్లారు. చిల్లర ముడి దివిసీమవాళ్లకి పోయింది కదా, తాత తన జేబులోంచి తీసి చల్లాడు. పిల్లలం వెనక ఏరుకున్నాం. నిండు నూరేళ్లు బతికినవాళ్ల మీద చల్లిన పైస మొలతాడుకి కట్టుకుంటే గండాలు పోతాయని అమ్మలే ఏరమన్నారు. సగం దారిలో దించారు. దింపుడు కళ్లం. తాత ఒంగి, తాతమ్మ చెవిలో మూడుసార్లు పిలిచాడు. అమ్మా అని రెండుసార్లు, మూడోసారి పేరు పెట్టి. ఆవిడ పేరు నేను వినడం అదే మొదటిసారి. ఆ ఇంట్లో ఆవిడను పేరు పెట్టి పిలిచే వయసున్నవాళ్లు ఎప్పుడో పోయారు. ప్రాణం ఉందేమో చూడటానికే పిలుస్తారని పుస్తకాల్లో చదివాను, డాక్టర్లు లేని రోజుల్లో అది నిజమే కావచ్చు. మామ్మ చెప్పింది వేరు. ఊరి చివర కదా, ఇంకా వెనక్కి చూస్తూ ఉంటారట, పిలిచి "ఇక మేం ఇంతవరకే" అని చెప్పాలట.

అసలు కబురు మూడోరోజుది. ప్రాణం పోయిన చోట దీపం పెట్టి, పక్కన చెంబుతో నీళ్లు ఉంచారు. ఆ రాత్రి మామ్మ చేటలో బియ్యప్పిండి సన్నగా జల్లి, దీపం పక్కన పెట్టి, గంప బోర్లించింది. ఎవరూ అటు వెళ్లకూడదు. తెల్లవారి ఇంటివాళ్లంతా చుట్టూ చేరాక గంప ఎత్తింది. పిండి మీద గీతలున్నాయి. చిన్న చిన్న మూడేసి గీతలు, ఒక పక్క నుంచి ఇంకో పక్కకి. మామ్మ చాలాసేపు చూసింది. "పిచ్చుక" అంది. బాబాయి ఒంగి చూసి "బల్లి" అన్నాడు. "బల్లికి నాలుగు కాళ్లురా" అని అత్త. "బోర్లించిన గంపలోకి పిచ్చుక ఎలా దూరుద్దే?" అని తాత. "దూరడానికి అది ఒళ్లున్న పిచ్చుకా?" అని మామ్మ. ఆ పూటంతా అదే వాదన. వాదనలో ఎవరో నవ్వారు, ఆ ఇంట్లో మూడు రోజుల తర్వాత మొదటి నవ్వు. ఇప్పుడా పిండి జల్లే ఇల్లు మా ఊళ్లో ఒక్కటీ లేదు. గచ్చులొచ్చాయి, టైల్సొచ్చాయి, చేటలు పోయాయి. అంతకంటే, తెల్లారాక పోయినావిడ పిచ్చుకా బల్లా అని పూటంతా దెబ్బలాడుకునే తీరిక పోయింది. నా మటుకు నాకు ఆత్మ గురించి ఆ తర్వాత విన్న ఉపన్యాసం ఏదీ ఆ చేట ముందు నిలవలేదు.

పెద్దదినం నాడు కాలువ గట్టు మీద ఆకు వేశారు. ఆవిడకి ఇష్టమైనవన్నీ పెట్టాలి. పనసపొట్టు కూర దగ్గర తగువొచ్చింది. కాశీలో వదిలేసిందాన్ని ఎలా పెడతారని పెద్దలు. మామ్మ ఒక్క ముక్కలో తేల్చేసింది. "వదిలింది ఆ ఒంటితో. ఒళ్లే కాలిపోయాక ఒట్టెక్కడుంది? పెట్టండి." పెట్టారు. కాకి రాలేదు. వచ్చింది, కొబ్బరి మట్ట మీద వాలింది, దిగలేదు. ఎండ ఎక్కుతోంది. ఇలాంటప్పుడు పోయినవాళ్లకి తీరని కోరికేదో ఉందని అర్థం. దాన్ని కనిపెట్టి, అందరి ఎదుటా గట్టిగా మాటివ్వాలి. ఒకరు చావడికి కొత్త తాటాకు నేయిస్తామన్నారు, ఇంకొకరు గుళ్లో దీపమన్నారు. కాకి కదల్లేదు. చివరికి మామ్మ తాత కేసి చూసింది. తాతమ్మకి పుట్టింటివాళ్లు పసుపుకుంకుమల కింద ఇచ్చిన చెక్క ఒకటుండేది. అది ఆడపిల్లలకి పోవాలని ఆవిడ అంటూ ఉండేది, తాత విననట్టు ఉండేవాడు. ఊరందరి ముందు ఆయన మెడ గోక్కుని, గొంతు సవరించుకుని, "సరే, ఆడపిల్లల పేర రాసేస్తాను" అన్నాడు. కాకి దిగింది. దిగి ముందు పనసపొట్టు కూరే ముట్టింది. ఆడపిల్లలకి పిత్రార్జితంలో సమాన వాటా ఇస్తూ మా రాష్ట్రం చట్టం మార్చుకున్నది 1986లో. మా ఇంట్లో అంతకు ముందే ఒక కాకి ఆ పని కొంత చేసింది.

పోయినవాళ్లకి ఆ పదకొండు రోజులూ ఇంట్లో ఉన్నంత మాట చెల్లుబాటు, బతికుండగా చాలామంది ముసలాళ్లకి కూడా లేదు. నేను మర్చిపోలేనిది అదే. చావును ముగింపు అనుకునే ఇంట్లో కాకి వచ్చినా రాకపోయినా ఒకటే. ఇంకా దారిలో ఉన్నారు, వింటున్నారు, తీరనిది ఉంటే కదలరు అనుకునే ఇంట్లోనే తాత లాంటి మొండిమనిషి ఎండలో నిలబడి మాటివ్వాల్సి వచ్చింది. నమ్మకం నిజమా కాదా అన్న చర్చ మా ఇంట్లో ఎప్పుడూ జరగలేదు. చేటా, మేకూ, తాడూ, కాకీ చేతికి పని చెబుతుంటే దానికి వేళ ఉండేది కాదు. ఇప్పుడు పనులన్నీ ప్యాకేజీలో వస్తాయి. హైదరాబాదులో ఒక శ్మశానానికే మహాప్రస్థానం అని పేరు. శుభ్రంగా, చెట్లతో, పద్ధతిగా ఉంటుంది. అక్కడికి తీసుకెళ్లేది వైకుంఠరథం. పేర్లలో ప్రయాణం ఎప్పటికంటే ఎక్కువే ఉంది. సర్దిపెట్టేందుకు మనకి మాత్రం ఏమీ మిగల్లేదు.

అయినా పూర్తిగా పోలేదని ఒకసారి అనిపించింది. 2021లో మా మేనత్త పోయింది. ఆ చెక్కలో వాటా వచ్చినావిడే. కరోనా కాదు, వయసు. కానీ విమానాలు సరిగా లేవు, కొడుకు డాలస్‌లో ఇరుక్కుపోయాడు. ఫోను పట్టుకుని వాడికి అంతా చూపించే పని నాకు పడింది. వ్యాను ఊరి చివర ఆగింది. డ్రైవరు తొందరపడుతున్నాడు. బాబాయి ఒక్కడే "దింపండి" అన్నాడు. దింపారు. ఎవరు పిలవాలి? అందరూ నా చేతిలో ఫోను కేసి చూశారు. స్పీకరు పెట్టి అత్త చెవి దగ్గర ఆనించాను. అక్కడ అర్ధరాత్రి. వాడు "అమ్మా" అన్నాడు. సిగ్నలు సరిగా లేక రెండోది తెగిపోయింది. మూడోది వచ్చేసరికి ఆలస్యమై, మేం ఎత్తబోతుంటే వినిపించింది. మళ్లీ దింపాం. డ్రైవరు కూడా ఇంజను ఆపేశాడు. ఆ కరోనా రోజుల్లో ఆస్పత్రుల నుంచి నేరుగా వెళ్లిపోయినవాళ్లు ఎందరికో ఆ తెగిన పిలుపు కూడా దక్కలేదు.

ఇప్పుడు మా ఇంట్లో నడుస్తున్న గొడవ 2027 గోదావరి పుష్కరాలది. తాతమ్మ పోయాక వచ్చిన 1979 పుష్కరాలకి మామ్మ ఒక నోటుబుక్కు పెట్టింది. ఎవరెవరికి పిండం పెట్టాలో జాబితా. పురోహితుడు మూడు తరాల పేర్లు అడుగుతాడు. మగవాళ్లవి గడగడా చెప్పేస్తారు, ఆడవాళ్ల దగ్గరకొచ్చేసరికి "అమ్మమ్మగారి అమ్మగారు" అని నీళ్లు నములుతారు. అందుకని మామ్మ అందరు ముసలమ్మలనీ అడిగి అడిగి ముందు ఆడవాళ్ల పేర్లే రాయించింది. ఆ తర్వాత పుష్కరానికి పుష్కరానికి జాబితా పెరిగింది. డప్పు కొట్టే తాత చేరాడు, ఆయన పిల్లల్ని అడిగి పేరు రాసుకుంది. "దివిసీమవాళ్లు, అందరూ" అని ఒక వరస. ఆనకట్ట కట్టించి మా నేలకి నీళ్లిచ్చిన కాటన్ దొర ఒక వరస. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసి, 1899లో ఇంగ్లండులో పోయిన మనిషికి కోటిపల్లి రేవులో నువ్వులూ నీళ్లూ వదలడం మామ్మకి వింతగా అనిపించలేదు. చిట్టచివర మా ఇంట్లో ముసలిదై పోయిన గిత్త. పురోహితుడు గొణిగాడు, మామ్మ దక్షిణ పెంచింది, ఆయన ఊరుకున్నాడు.

ఆ పుస్తకం ఇప్పుడు బాబాయి దగ్గరుంది. పేజీలు పొడి అవుతున్నాయి కాబట్టి ఫొటోలు తీసి కుటుంబం గ్రూపులో పెట్టాడు. డాలస్ వాడు వాటిని ఎక్సెల్‌లోకి ఎక్కిస్తానన్నాడు. వరసలు, పేర్లు, గోత్రాలు, ఎవరి తరఫు. మొన్న ఆదివారం రాత్రి గ్రూపులో అడిగాడు: "మామయ్యా, కాటన్ దొరకి గోత్రం కాలమ్‌లో ఏం వెయ్యాలి? ఖాళీగా ఉంచితే షీటు తప్పు చూపిస్తోంది."

"తెలియనివాళ్లకి కాశ్యపసే కదరా, అది వేసెయ్" అని బాబాయి వాయిస్ మెసేజ్ పెట్టాడు.

"మరి ఎద్దుకి?"

కాసేపు ఆగి ఇంకో మెసేజ్ వచ్చింది. "దానికి తెలియకపోవడమేంటి? మన గోత్రమే."